బుడ్డదానికి ఇంకా పాలు కావాలి

డిసెంబర్ 17, బుధవారం

మేక దక్కలేదు. పిల్లలు రెండూ దక్కాయి. పెద్దది పుట్టిన కాసేపటికే లేచి నిలబడింది గాని బుడ్డది నా ఒళ్ళో పిండని గుడ్డలా పడి ఉంది. కొట్టంలో బకెట్టు నీళ్ళు పైన గడ్డకట్టాయి. అక్కడ వదిలేస్తే ఇవీ తల్లి దారే పడతాయి. కుట్టుగదిలో కటింగ్ బల్ల కింద గోనెపట్టా పరిచి పడుకోబెట్టాను. ఇంట్లో హీటరున్న గది అదొక్కటే.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. పోయిన మేకను చిన్నప్పటినుంచి పెంచింది తనే. "దానికోసం ఏడవడానికి రేపుంది. ముందు వీటిని తుడవ్వే" అంది.

బ్యాంకామె కోటు లైనింగుకని తెచ్చిన గుడ్డే చేతికి అందింది. దాంతోనే తుడిచాను. ఆవిడకు ఏదో ఒకటి చెప్పుకోవాలి.

డిసెంబర్ 18

బుడ్డది తాగింది. రెండు చెంచాలే. అయినా తాగింది.

డిసెంబర్ 19, శుక్రవారం

పశువుల డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పినట్టుంది, డెయిరీ బండి మన వీధికి వచ్చింది. చలికాలమంతా మంగళవారం, శుక్రవారం వస్తుందట. తల్లిలేని పిల్లలకు పట్టే పాలపొడి, రబ్బరు పీకలు, దాణా అన్నీ ఇంటికే ఇచ్చి పోతారట.

బండి నడిపే ఆయన బాగా పొడుగు. మన గుమ్మం తలకు తగిలేంత పొట్టిదేం కాదు, అయినా ముందే వంగి లోపలికొచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్టు మీద రాసింది చదవడం మొదలుపెట్టాడు. నాకు చదువొచ్చని చెప్పాను. "వచ్చని తెలుసండీ. చదివి వినిపించమని మాకు పైవాళ్ళు చెప్పారు" అన్నాడు. నీళ్ళు ఎంత వేడి ఉండాలి, పొడి ఎంత కలపాలి, రోజుకు ఎన్నిసార్లు పట్టాలి, రెండు నెలలు నిండగానే ఎలా మాన్పించాలి, తయారైన తేదీ, అన్నీ చదివాడు.

"అచ్చుతప్పులుంటే అవి కూడా చదివెయ్ నాయనా" అంది అత్తయ్య.

ఆయన నిజంగానే ప్యాకెట్టు తిప్పి చూసి, "లేవమ్మా" అన్నాడు.

డిసెంబర్ 21, ఆదివారం

బుడ్డది వణుకు మానడం లేదు. హీటరు ముందు పెట్టినా అంతే. అత్తయ్య పెట్టె తెరిచి మా ఆయన స్వెట్టరు తెచ్చి నా ముందు వేసింది, ముదురాకుపచ్చది. "చేతులు కత్తిరించు" అంది.

కత్తెర పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఊళ్ళో సగం మంది బట్టలు కత్తిరించిన చెయ్యి ఇది.

"చలికి కాకపోతే స్వెట్టరెందుకే? పెట్టెలో పెట్టుకుని చూసుకోడానికా?" అంది.

ఒక్కో పిల్లకు ఒక్కో చెయ్యి. ముందుకాళ్ళకు రెండు కన్నాలు, మెడ దగ్గర నాడా. మోచేతి దగ్గర అతుకున్న చెయ్యి బుడ్డదానికి వచ్చింది. ఆ అతుకు వేసింది నేనే, ఆయన చనిపోయిన ఏడాది చలికాలంలో. పని అయ్యాక అత్తయ్య తన గదిలోకి పోయి తలుపేసుకుంది. నేను ఇక్కడే మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సాయంత్రానికి బుడ్డదానికి వణుకు తగ్గింది.

డిసెంబర్ 23, మంగళవారం

బండాయన స్వెట్టర్లు చూసి, "కొలతలు తీసుకునే కుట్టారా?" అన్నాడు.

"తీసుకుందామంటే వీటికి నడుమే లేదండీ" అన్నాను.

కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చేంత నవ్వాడు. అంత నవ్వే మాటేం కాదు అది. తర్వాత పాలు ఎంత వేడి ఉండాలో చూపించాడు. సీసా వంచి మణికట్టు మీద చుక్క వేసి చూడాలట. తన మణికట్టు మీద వేసుకుని చూపించొచ్చు. నా మణికట్టు మీద వేశాడు.

వెచ్చగానే ఉంది.

డిసెంబర్ 26, శుక్రవారం

రెండు ప్యాకెట్లు. రెండు యూనిఫాం జతలు పూర్తిచేశాను. వేరే విశేషాలు లేవు.

జనవరి 6, మంగళవారం

ఇస్త్రీ పెట్టె ఎలాగూ వేడిగా ఉంది కదా అని నా నీలం చీర కూడా ఇస్త్రీ చేసి కట్టుకున్నాను.

"ఎక్కడికే ప్రయాణం?" అంది అత్తయ్య.

"ఇంట్లో ఉంటే చిరుగులు కట్టుకుని కూర్చోవాలా?"

"నేనేమన్నానే ఇప్పుడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేం?"

నాకు కోపం వచ్చింది. నేను బట్టలు కుట్టే మనిషిని. నేనే నలిగిన బట్టల్లో కనిపిస్తే ఎవరు కుట్టించుకుంటారు? ఆ మాట అత్తయ్యకు చెప్పాను కూడా. "నిజమే, నిజమే" అంటూ నవ్వుకుంటూ పోయింది. డెబ్భై ఏళ్ళొచ్చినా ఆ నవ్వు మాత్రం మారలేదు.

జనవరి 9, శుక్రవారం

అత్తయ్యకు సిగ్గు లేదు. ఆయనకు టీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇంటి దగ్గర ఎవరెవరుంటారు నాయనా?" అని అడిగేసింది.

"నేనూ, రేడియోనూ."

"పెళ్ళి కాలేదా?"

"అయిందమ్మా. ఆవిడకు నాకంటే మంచివాడు దొరికాడు." కప్పులోకి చూస్తూ, "నాకూ తెలిసినవాడే. నిజంగానే మంచివాడు" అన్నాడు.

బల్ల కింద నుంచి పెద్దది వచ్చి ఆయన బూటు తాడు నమలడం మొదలుపెట్టింది. తాడు తడిసిపోతున్నా ఆయన కాలు కదపలేదు. పాపం, టీ చల్లారిపోయింది. మళ్ళీ వేడిచేసి ఇచ్చాను.

జనవరి 12

గదంతా మేకవాసన. కొలతలకు వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు. నాకు తెలియడం లేదు, అలవాటైనట్టుంది. మిషన్ తొక్కుతుంటే బుడ్డది నా పాదాల మీద పడుకుంటుంది. తొక్కడం ఆపితే మే అని అరుస్తుంది. దానివల్ల ఈ వారం నాలుగు పరదాలు పూర్తయ్యాయి.

జనవరి 16, శుక్రవారం

ఎవరో వేరే మనిషి వచ్చాడు. ప్యాకెట్లు గుమ్మంలో పడేసి పోయాడు. చదవలేదు.

జనవరి 18, ఆదివారం

కుట్టుగది కిటికీకి కొత్త పరదా కుట్టాలనుకుంటున్నాను. కొలతల కోసం నాలుగైదుసార్లు కిటికీ దగ్గరికి వెళ్ళాను. వీధి ఖాళీగా ఉంది, చలి కదా. ఇంట్లోంచి ఎవరూ బయటికి రావడం లేదు.

రోడ్డు జారుడుగా ఉందని పేపర్లో రాశారు. బళ్ళు జారితే ఏమవుతుందో కూడా రాశారు. అవన్నీ ఎందుకు రాస్తారో.

జనవరి 20, మంగళవారం

వచ్చాడు! జ్వరమట. మెడకు గుడ్డ చుట్టుకుని, ముక్కు ఎర్రగా. "శుక్రవారం రాలేకపోయాను, ఏమీ అనుకోకండి" అన్నాడు.

"మేకపిల్లలే బెంగ పెట్టుకున్నాయి నాయనా. కిటికీ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు" అంది అత్తయ్య. నేను పాలు కలుపుతూ వెనక్కి తిరగలేదు.

ప్యాకెట్టు చదవొద్దన్నాను, గొంతు బాగాలేదు కదా అని. "పరవాలేదండీ" అని బొంగురు గొంతుతోనే అంతా చదివాడు. ఇప్పుడు చూడకుండానే వస్తోంది ఆయనకు. నాక్కూడా వచ్చేసింది.

ఆయన వెళ్ళాక అత్తయ్యతో, "ఆయన మరీ చిక్కిపోయారు" అన్నాను.

"మొన్నటిదాకా బండాయన. ఇవాళ వట్టి ఆయనా?" అంది.

నోరు జారింది. అంతే.

ఫిబ్రవరి 10, మంగళవారం

బ్యాంకామె కోటు గుండీ ఒకటి పెద్దది మింగేసింది. ఆవిడ, "ఇది కుట్టుగదా, కొట్టమా?" అని అడిగింది. రెండూ అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అలాంటి గుండీ బజారంతా వెతికినా దొరకలేదు. కోటుకు మొత్తం గుండీలు మార్చాను.

ఈయనతో చెబితే, "దొరుకుతుందిలెండి, రేపో ఎల్లుండో" అన్నాడు. పాలు కలపడం మర్చిపోయి నవ్వాను.

ఎంత కాలమైందో అలా నవ్వి. చెప్పుకోడానికి ఒక మనిషి ఉంటే రోజులో జరిగినవన్నీ కథలవుతాయి. లేకపోతే వట్టి పనులే.

ఫిబ్రవరి 17, మంగళవారం

రెండు నెలలు నిండాయి.

పొద్దున్నే అత్తయ్య గడ్డిమోపు తెచ్చి బల్ల దగ్గర పెట్టింది. పెద్దది తిన్నది, బుడ్డదీ తిన్నది. "ఇక పాలు మాన్పించొచ్చుగా" అంది అత్తయ్య.

"బుడ్డదానికి ఇంకా పాలు కావాలి. నీరసంగా ఉంది" అన్నాను.

ఆ నీరసమైనది అప్పుడే మిషన్ మీదికెక్కి, అక్కడి నుంచి బీరువా మీదికి దూకింది.

ఈయన వచ్చే వేళకు గడ్డి తీసి పరదా వెనక పెట్టాను, గది శుభ్రంగా ఉంటుందని. "గడ్డి ముడుతున్నాయా?" అని అడిగాడు. "అంతగా లేదండీ" అన్నాను. పెద్దది నోటినిండా గడ్డితో పరదా వెనక నుంచి బయటికొచ్చింది. ఆయన దాన్ని చూశాడు. నేను పైకప్పు చూశాను.

"రెండు ప్యాకెట్లు ఇవ్వమంటారా?"

"రెండు."

ఫిబ్రవరి 24

బుడ్డదానికి ఇంకా పాలు కావాలి.

మార్చి 3

బయట ఎండ కాస్తోంది గాని దాన్ని నమ్మడానికి లేదు. మార్చి చలి మోసం చేస్తుంది. ఇంకొన్నాళ్ళు లోపలే ఉండనీ. బుడ్డది సీసా చూస్తే చాలు ఎగబడుతోంది. పట్టకపోతే మనసొప్పదు. ఒక సీసా అడిగితే రెండు పడుతున్నాను.

మార్చి 7, శనివారం

మధ్యాహ్నం బుడ్డది పడిపోయింది.

ఎడమ డొక్క ఉబ్బి డప్పులా అయింది. కాళ్ళు చాచేసి, పళ్ళు కొరుకుతూ, నా వైపే చూస్తోంది. అత్తయ్య ముందుకాళ్ళు పైకెత్తి పట్టుకుంది, నేను డొక్క రుద్దుతూ ఉన్నాను. డాక్టరమ్మ వచ్చి గొంతులోకి గొట్టం దింపింది. గాలి బుస్సుమని వచ్చింది, పులిసిన పాలవాసన.

"రెండు నెలలు దాటి ఇన్నాళ్ళయినా ఇంకా ఇన్ని సీసాలా?" అంది డాక్టరమ్మ. "గడ్డి అరాయించుకోవలసిన కడుపును పాలతో నింపి ముంచేస్తున్నారు. ఇంకో గంట ఆగి ఉంటే పోయేది. ఎవరు పట్టమన్నారు మిమ్మల్ని?"

అత్తయ్య గోడకేసి చూసింది.

"ఎవరూ అనలేదు" అన్నాను.

మార్చి 8, ఆదివారం

బుడ్డది లేచింది. కాస్త గడ్డి కొరికింది. ఇక చుక్క పాలు పట్టకూడదు.

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాసేస్తున్నాను. నేను పాలు పట్టింది దానికోసం కాదు. మంగళవారం కోసం పట్టాను, శుక్రవారం కోసం పట్టాను. నోరులేని పిల్లను అడ్డం పెట్టుకుని ఒక మనిషి రాక కోసం కాచుకున్నాను. అది చచ్చిపోయి ఉంటే?

నాకు ఆయన కావాలి. ప్యాకెట్టు చదివే గొంతు కావాలి. గుమ్మం దగ్గర అక్కర్లేకపోయినా వంగే ఆ వంగడం కావాలి. నలభై మూడేళ్ళ మనిషిని, ఇలా రాసుకుంటున్నాను.

మంగళవారం చెప్పేస్తాను, పొడి వద్దని.

మార్చి 10, మంగళవారం

"బుడ్డది ఎలా ఉందండీ?"

"బాగుంది."

"రెండేనా?"

"రెండే."

తీసుకుని బీరువాలో యూనిఫాంల కింద పెట్టాను. అత్తయ్య చూస్తుందేమోనని దొంగకు తేలు కుట్టినట్టు రోజంతా గమ్మున ఉన్నాను.

మార్చి 13, శుక్రవారం

పిల్లల్ని కొట్టంలోకి మార్చాం. బల్ల కింద గోనెపట్టా తీసేసి నేల కడిగాను. మిషన్ తొక్కుతుంటే పాదాలు చల్లగా ఉన్నాయి. తొక్కడం ఆపినా ఎవరూ అరవలేదు.

ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. పిల్లలు రెండూ కంచె పక్కన చిగుళ్ళు పీక్కుని తింటున్నాయి. పెద్దదానికి కొమ్ములు మొలిచాయి. అవి పాలపీక చూసి ఎన్నాళ్ళయిందో చూడగానే తెలిసిపోతుంది, ఈ పనిలో ఉన్న మనిషికి. చాలాసేపు చూశాడు. ఇక అయిపోయింది అనుకున్నాను.

"రెండేనా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"రెండే" అన్నాను, నేనూ చూడకుండా.

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. నీళ్ళ వేడి, పొడి కొలత, పట్టాల్సిన వేళలు. రెండు నెలలు నిండగానే మాన్పించాలన్న లైను వదిలేసి తయారైన తేదీ చదివాడు.

మార్చి 14

ఆ లైను వదిలేశాడు. నేను సరిగ్గానే విన్నాను. నాకు కంఠతా వచ్చు.

లేకపోతే కళ్ళజోడు మసకబారి కనబడలేదేమో.

మార్చి 20, శుక్రవారం

వచ్చే శుక్రవారమే ఆఖరట. ఎండలు ముదిరితే ఎవరికీ పొడి అక్కర్లేదు, బండిని కొండ అవతలి పల్లెలకు వేస్తారట. "మళ్ళీ చలికాలానికి ఈ వీధికి ఎవరిని వేస్తారో తెలీదండీ" అన్నాడు.

"అలాగా" అన్నాను. ఇంకేమైనా అంటానేమోనని నిలబడ్డాడు. రెండు ప్యాకెట్లిచ్చి వెళ్ళాడు.

అలాగా! చలికాలమంతా గుండెలో దాచుకున్నదానికి నోట్లోంచి వచ్చిన మాట అది.

మార్చి 22, ఆదివారం

అత్తయ్య సూది కోసం బీరువా తెరిచింది. ప్యాకెట్లు ఒకదాని మీద ఒకటి జారి కింద పడ్డాయి. ఒకటి పగిలి గదంతా తెల్లగా అయింది.

"ఇన్ని పాలు ఎవరికే?"

నేను ఊడుస్తూ ఉండిపోయాను. అత్తయ్య చీపురు లాక్కుని పక్కన పడేసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేల మీదే, ఆ పొడిలోనే కూలబడింది.

"వాణ్ణి నేను కన్నాను. నాకు ఆ గాయం మానదు. మాననక్కర్లేదు కూడా, అమ్మకు అది తప్పదు. నీకేమొచ్చిందే? నువ్వెందుకు మాననీయవు?"

"మీరు ఒక్కరే అయిపోతారు" అన్నాను. ఆ మాట నా లోపల ఉన్నట్టు అప్పటిదాకా నాకే తెలియదు.

"ఓహో, నన్ను అడ్డం పెట్టుకుంటున్నావా? మొన్నటిదాకా బుడ్డదాన్ని పెట్టుకున్నావు. దాని కడుపు ఉబ్బింది. ఇప్పుడు నా వంతా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం ఏడ్చాం. లేచేసరికి ఇద్దరి బట్టలూ తెల్లగా ఉన్నాయి. "కుట్టుకునే ఆడదానివి. తెగ్గొయ్యడం వచ్చినదానివి, కలపడం రాదా?" అని గొణుక్కుంటూ చేతులు కడుక్కోడానికి పోయింది.

మార్చి 27, శుక్రవారం

"రెండేనా?" అన్నాడు.

"పొడి వద్దండీ."

చేతిలో ఉన్న ప్యాకెట్లు మెల్లగా బండిలో పెట్టేశాడు. "మంచిదండీ. పెద్దవయ్యాయిగా" అన్నాడు. కొట్టం దగ్గరికి వెళ్ళి బుడ్డదాని తల నిమిరాడు. నాకు నమస్కారం పెట్టాడు, అత్తయ్యను అడిగానని చెప్పమన్నాడు. బండి కదిలింది. చూస్తూ నిలబడ్డాను. లోపలికొచ్చాను.

"చెప్పావా?" అంది అత్తయ్య.

"పొడి వద్దని చెప్పాను."

"మిగతాది?"

మెడలో టేపు అలాగే ఉంది, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులు. పరుగెత్తాను. ఈ వీధిలో పరుగెత్తిన ఆడమనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఇరుగుపొరుగువాళ్ళూ చూసి ఉండరు, తలుపులన్నీ తెరుచుకున్నాయి. బండి మలుపు దగ్గరి ఇంటి ముందు ఆగి ఉంది. ఆయన దాణా బస్తా భుజాన వేసుకుని దిగుతున్నాడు.

ఆయాసంతో మాట రాలేదు. ఆయన బస్తాతోనే నిలబడి ఎదురుచూశాడు.

"పొడి వద్దన్నాను. మిమ్మల్ని వద్దనలేదు" అన్నాను.

బస్తా దించుకోవాలన్న సంగతి కూడా ఆయనకు తోచలేదు. ముఖం ఎర్రబడింది, బరువుకో దేనికో. "ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

"ఆదివారం."

"ఆదివారం బండి ఉండదండీ."

"తెలుసు" అన్నాను.

మార్చి 29, ఆదివారం

పొద్దున్న నుంచి ఏ పనీ సాగడం లేదు. ఒకే అంచు కుట్టి విప్పి, మళ్ళీ కుట్టి విప్పాను. రాకపోవచ్చు. నడిచి రావాలంటే చాలా దూరం. వీధిలో అందరూ చూస్తారు. ఆయనకు చేతిలో పట్టుకుని రావడానికి ఏమీ ఉండదు, చదవడానికి ఏమీ ఉండదు. వచ్చి ఏం మాట్లాడతాడు? నేనేం మాట్లాడతాను?

అత్తయ్య మాత్రం ఇల్లంతా ఊడ్చింది, కుర్చీలు జరిపింది, నిచ్చెనేసుకుని ఎక్కి దుమ్ము దులిపింది.

తలుపు చప్పుడైంది.

"నాకు మోకాళ్ళ నొప్పులే, నువ్వే తియ్యి" అని గదిలోంచి అరుస్తోంది.